నిప్పు మాకా? నేర్పు మీకా?

ఏప్రిల్ 14న పొద్దున్నే మన వాడల్లో డప్పు మోగుతది. బాబాసాహెబ్ విగ్రహాన్ని కడిగి దండ వేస్తం, నీలి జెండా ఎత్తుతం. అదే పొద్దున జగిత్యాలల, కోరుట్లల, సిరిసిల్లల ఫైర్ స్టేషన్ల ముందు ఫైర్‌మెన్ వరుసగా నిలబడి మౌనం పాటిస్తరు. ఆ రోజు దేశమంతటా అగ్నిమాపక దినం. అక్కడి నుంచి 20వ తేదీ దాకా వారోత్సవాలు. ఒకే ఊళ్ళో ఒకే రోజు రెండు కార్యక్రమాలు జరుగుతున్నయి. అయినా అంబేద్కర్ విగ్రహం కాడి జనం ఫైర్ స్టేషన్‌కు పోరు. ఫైర్ స్టేషన్ బండి మన వాడకు రాదు. ఎందుకు రాదు అని అడగటానికే ఈ వ్యాసం.

ముందు ఆ తేదీ కథ తెలుసుకోవాలె. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ నిలబడి ఉంది. దాని కడుపులో పత్తి బేళ్ళు, పేలుడు సామాను పక్కపక్కనే నింపిండ్రు. పత్తిలో నిప్పు పుట్టింది. ఫైర్‌మెన్ పైపులు పట్టి గంటల తరబడి నీళ్ళు కొట్టిండ్రు. బేళ్ళ లోపల రాజుకున్న నిప్పు ఎక్కడుందో పైనుంచి కనబడలేదు. సాయంత్రం నాలుగు దాటినంక ఓడ పేలిపోయింది. 66 మంది ఫైర్‌మెన్ పైపులు చేతిలో ఉండంగనే పోయిండ్రు. వాళ్ళతోపాటు రేవు కూలీలు, చుట్టుపక్కల బస్తీల జనం వందల్లో చచ్చిపోయిండ్రు. ఆ 66 మంది పేరు మీదనే ఈ దినం.

ఆ రోజుకు బాబాసాహెబ్‌కు 53 ఏళ్ళు నిండినయి. అప్పుడాయన వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. ఆయన చేతిలో ఉన్న లేబర్ శాఖ కిందనే యుద్ధకాలపు టెక్నికల్ ట్రైనింగ్ స్కీం నడిచింది. బెవిన్ స్కీం పేరుతో పనిచేసే యువకులను ఇంగ్లండు పంపి యంత్రాల మీద చేతిపని నేర్పించిందీ ఆ శాఖనే. కష్టజీవికి చేతినిండా పనితనం నేర్పుడు సర్కారు బాధ్యత అనే మాట కొత్తగా మేం పుట్టించింది కాదు. బాబాసాహెబ్ కూర్చున్న కుర్చీ నుంచి నడిచిన పని అది.

మేం అడిగేది ఇంతే. మంటను ఆర్పే పనిని జీతమున్న ఫైర్‌మన్‌కు చేత పట్టించి నేర్పుతున్నరు. మంట ముందు మొట్టమొదట నిలబడే మనకు మాత్రం కరపత్రం పంచి పోతున్నరు. ఈ తేడా ఎందుకు?

బండి వచ్చేలోపు ఫైర్‌మన్ ఎవరు?

లెక్క చూద్దాం. దేశంలో ఫైర్ స్టేషన్లకు పెట్టుకున్న కొలత ప్రకారం పల్లెకు బండి 20 నిమిషాల్లో చేరాలె. జగిత్యాల నుంచి కోరుట్లకు దాదాపు 25 కిలోమీటర్లు. మంచి రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల లెక్కన నడిచినా అరగంట. అది టౌను నుంచి టౌనుకు. కథలాపూర్, మేడిపల్లి, రుద్రంగి, చందుర్తి, కోనరావుపేట, గంభీరావుపేట మండలాల లోపలి ఊళ్ళకు ఎంత పడుతదో ఎవరికి వారే లెక్కేసుకోండ్రి. ఊరిదాకా వచ్చినంక వాడ ఎక్కడుందో అడగాలె. గల్లీలో బండి తిరుగుతదా చూడాలె. తెచ్చిన నీళ్ళు అయిపోతే మళ్ళీ ఎక్కడ నింపాలో వెతకాలె. మామూలు పెద్ద ఫైరింజన్ 4500 లీటర్ల నీళ్ళు మోస్తది. పైపు గట్టిగా తెరిస్తే అది పది పదిహేను నిమిషాల సరుకు.

ఎండిన గడ్డి కప్పు కాలటానికి అరగంట పడుతదా? కొట్టంలో కట్టేసిన బర్రె అరగంట ఆగుతదా? వంటింట్లో ఒంటి మీద చీర అంటుకున్న ఆడబిడ్డ అరగంట ఆగుతదా? మొదటి పది నిమిషాల్లో ఆరిపోయిందే ఆరినట్టు. ఆ తర్వాత వచ్చే బండి పక్క ఇండ్లను కాపాడుతది, బూడిద మీద నీళ్ళు కొడుతది. ఇది ఫైర్‌మెన్‌ను తిట్టుడు కాదు. వాళ్ళూ బీదోళ్ళ బిడ్డలే. ఆ మాట వాళ్ళను అడిగినా చెప్తరు.

కాబట్టి మొదటి పది నిమిషాలు ఫైర్‌మన్ ఎవరంటే మనమే. బిందె పట్టుకొని ఉరికే మన అక్కనే, కప్పు మీదికెక్కి గడ్డి పీకే మన తమ్ముడే. జీతం లేదు, బూటు లేదు, టోపీ లేదు. అన్నిటికన్న పెద్ద కొరత, నేర్పు లేదు.

గుడిసెలు తగ్గినయి కదా, ఇంకెక్కడి మంటలు అంటరు కొందరు. గుడిసెలు తగ్గినయి, నిజమే. నిప్పు తగ్గలేదు, దాని రూపం మారింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం అని ఇంటింటికీ గ్యాస్ సిలిండర్ ఇచ్చిండ్రు. పొగ పొయ్యి నుంచి ఆడోళ్ళకు విడుదల దొరికింది, మంచిదే. కానీ 14.2 కిలోల గ్యాసును ఒక్క గది ఇంట్లో పెట్టి పోయినోళ్ళు, అది లీకైతే ఏం చెయ్యాలో ఆ అక్క చేత ఒక్కసారన్న చేయించి చూపిండ్రా? సంతకం తీసుకున్నరు, ఫొటో దిగిండ్రు, పోయిండ్రు.

చట్టంలోనే ఊరు లేదు

ఇది ఒక ఆఫీసరు మంచోడా చెడ్డోడా అనే ముచ్చట కాదు. రాతలోనే మనం లేము. 1992లో రాజ్యాంగానికి 73, 74 సవరణలు చేసిండ్రు. మునిసిపాలిటీల కోసం 12వ షెడ్యూల్ రాసి 18 పనులు చెప్పిండ్రు. అందులో 7వది అగ్నిమాపక సేవలు. పంచాయతీల కోసం 11వ షెడ్యూల్ రాసి 29 పనులు చెప్పిండ్రు. ఆ 29లో చేపల పెంపకం ఉంది, సంతలున్నయి, గ్రంథాలయాలున్నయి. మంటలార్పే పని లేదు. మంట టౌనుకే వస్తదని, ఊరికి రాదని అనుకున్నరేమో!

ఊరికే దిక్కు లేనప్పుడు వాడ సంగతి చెప్పేదేముంది? నీళ్ళ ట్యాంకు ఊళ్ళో ఉంటది, వాడ చివర నల్లా సన్నగా వస్తది. వెడల్పు రోడ్డు గాంధీ బొమ్మ కాడికే ఆగిపోతది. కరెంటు తీగ మన కప్పుల మీదికెళ్ళి వేలాడుతది. పెద్ద కులపోళ్ళ ఇంట్లో మంట వస్తే పొలం కాడి మోటరు, ట్రాక్టరు ట్యాంకరు నిమిషాల్లో వస్తయి. వాడల మంట వస్తే ఆ ట్యాంకరు తాళంచెవి దొరుకుతదా? ఈ ప్రశ్నకు జవాబు ప్రతి వాడకూ తెలుసు.

చెయ్యి తిరగాలె

ఫైర్‌మన్‌ను సర్కారు ఎట్ల తయారు చేస్తదో చూడండ్రి. హైదరాబాద్ పక్కన వట్టినాగులపల్లిలో శిక్షణ కేంద్రం ఉంది. కొలువు వచ్చిన పిల్లలను నెలల తరబడి అక్కడ పెడుతరు. పైపు విప్పుడు, చుట్టుడు, జోడించుడు; నీళ్ళ ఒత్తిడికి పైపు పాములెక్క ఎగిరి కొడుతుంటే ఇద్దరు కలిసి పట్టుకునుడు; నిచ్చెన నిలబెట్టుడు, ఎక్కుడు, పడిపోయిన మనిషిని భుజం మీదేసుకొని దిగుడు; తాడుతో ముడులు వేసుడు; గాలి సిలిండర్ వీపున కట్టుకొని పొగ నిండిన గదిలో నేల మీద పాకుకుంట, గోడ తడుముకుంట మనిషిని వెతుకుడు. ఇవి ఒక్కసారి చూపి వదిలేసేటివి కావు. నిద్రలో లేపినా చెయ్యి దానంతటదే చెయ్యాలె, అప్పటిదాకా చేయిస్తరు. ఎందుకంటే మంట ముందు మనిషికి ఆలోచన ఆగిపోతది. అప్పుడు పని చేసేది చెయ్యికి పట్టిన అలవాటే.

ఈ సంగతి మనకు ఒకరు చెప్పాల్నా? డప్పు కొట్టుడు పుస్తకం చదివి ఎవడన్నా నేర్చుకున్నడా? తోలు ఊనినోడు, చెప్పు కుట్టినోడు, సిరిసిల్లల సాంచా నడిపేటోడు, కోరుట్లల చాట ఒళ్ళో పెట్టుకొని బీడీ చుట్టే అక్క, వీళ్ళందరి చదువు చేతిలోనే ఉంది. ఈ దేశంలో చేతిపని అంతా మన కులాలదే. అయితే ఒక చిత్రం చూడండ్రి. ఆ చేతిపని మన చేతిలో ఉన్నంత కాలం దాని పేరు కులవృత్తి, అంటు పని, కూలి. అదే చేతిపనికి యూనిఫాం తొడిగి, సర్టిఫికెట్ ఇచ్చి, జీతం కట్టంగనే దాని పేరు ‘స్కిల్’. మన చేతులకు నైపుణ్యం చేతకాదని ఎవడూ అనలేడు. అందుకే నేర్పకుండనే ఊకుంటున్నరు.

ఇక టౌన్లల్ల వారోత్సవాల్లో ఏం జరుగుతది? బస్టాండు కాడనో, బడి గ్రౌండులోనో, పెద్ద దవాఖానలోనో ఒక ఇనుప తట్టలో డీజిల్ పోసి అంటిస్తరు. ఫైర్‌మన్ ఎర్ర సిలిండర్ పట్టి ఆర్పుతడు. జనం చప్పట్లు కొడుతరు. ఒక పెద్దమనిషి మాట్లాడుతడు. కరపత్రాలు పంచుతరు. మరునాడు పేపర్లో ఫొటో వస్తది. చప్పట్లు కొట్టినోళ్ళలో ఒక్కడు కూడా ఆ సిలిండర్ పిన్ను గుంజి చూడలేదు. దాని బరువెంతో, ఎన్ని సెకన్లల్ల ఖాళీ అయితదో వాని చెయ్యికి తెలియదు. అది తమాషా అయితది గాని శిక్షణ కాదు. అక్షరం రాని మన అవ్వకు కరపత్రం ఇచ్చుడు తమాషా కూడా కాదు, వెక్కిరింపు.

ఏం నేర్పాలె?

మేం గాలిలో మాట్లాడుతలేము. మన మూడు పట్నాల చుట్టూ ఏ నిప్పు ఎక్కడుందో చూసి దాని ప్రకారం అడుగుతున్నం.

సిరిసిల్లల సాంచాల షెడ్డు ఉంది. దూది నుసి గోడలకు, తీగలకు, మోటర్లకు పట్టి ఉంటది. ఒక్క రవ్వ చాలు, నుసి మీద మంట ఉరుకుతది. అక్కడ ముందు చెయ్యాల్సింది మెయిన్ బంద్ చేసుడు. కరెంటు ఉండంగ నీళ్ళు కొడితే కొట్టినోడే పోతడు. షెడ్డులో పనిచేసే ప్రతి మనిషి కండ్లు మూసుకొని కూడా మెయిన్ కాడికి పోగలగాలె, తలుపు కాడికి పోగలగాలె. గుడ్డ తాన్లలో, నూలు మూటల్లో నిప్పు పైన ఆరినా లోపల రాజుకుంటనే ఉంటది. మూట విప్పి, విడదీసి తడపాలె. బొంబాయి ఓడ పత్తి చెప్పిన పాఠం ఇదే.

కోరుట్ల, జగిత్యాల చుట్టూ బీడీలు కాల్చే బట్టీ ఉంది, తునికాకు కట్టలు నిల్వ చేసిన గదులున్నయి, వరి గడ్డివాములున్నయి, కొట్టాలున్నయి. గడ్డివాము అంటుకుంటే పైన నీళ్ళు పోస్తే చాలదు. గాలి ఎటు పోతున్నదో చూడాలె. ఆ దిక్కున ఉన్న కప్పులను ముందు తడపాలె, కొక్కెం కట్టెలతో గడ్డిని విడగొట్టాలె, పశువుల తాళ్ళు కొయ్యాలె. బిందెలు అందించుకునే వరుస ఎట్ల కట్టాలె, నిండు బిందె ఎటు నుంచి రావాలె, ఖాళీ బిందె ఎటు పోవాలె అనేది కూడా నేర్చుకునే పనే. నేర్వకుంటే అందరు ఒకరి మీద ఒకరు పడి సగం నీళ్ళు నేల పాలయితయి.

వంటింటి సంగతి ఆడోళ్ళకు ముందు నేర్పాలె. నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు పొయ్యొద్దు, పోస్తే మంట ఇల్లంతా చిమ్ముతది. మూత పెట్టి పొయ్యి బంద్ చెయ్యాలె. గ్యాసు గాలి కన్న బరువు, నేల మీద పారుతది. వాసన వస్తే స్విచ్చు ముట్టొద్దు, తలుపులు తెరిచి బయటికి రావాలె. పైపు కాడ చిన్న మంట ఉంటే తడి గోనె సంచి కప్పి రెగ్యులేటర్ తిప్పాలె. సిలిండరే మంటల్లో కాగుతుంటే దగ్గరికి పోవద్దు, అందరినీ దూరం పంపాలె. ఒంటి మీద బట్ట అంటుకుంటే ఉరుకొద్దు, నేల మీద పడి దొర్లాలె, దుప్పటి చుట్టాలె. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పొయ్యాలె. పేస్టు, సిరా, పసుపు పుయ్యొద్దు. అంటుకున్న బట్ట పీకొద్దు. 101కు, 112కు, 108కి ఫోన్ చేసి ఊరు, వాడ, దారి గుర్తు మూడు ముక్కల్లో చెప్పాలె.

పొగ సంగతి అందరికీ నేర్పాలె. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాం మీద పడుకున్న 11 మంది బీహార్ వలస కూలీలు బయటికి దారి లేక చచ్చిపోయిండ్రు. మంట కన్న ముందు పొగ చంపుతది. పొగ పైకి పోతది, నేల దగ్గర కొంచెం గాలి ఉంటది, అందుకే పాకాలె. అన్నింటికన్న ముందు, కూలోళ్ళు పడుకునే చోటుకు రెండో దారి ఉందా అని అడగటం నేర్వాలె.

ఇంకొకటి. పాత బాయిల, సెప్టిక్ ట్యాంకుల దిగమని పిలుపు వచ్చేది మన ఇండ్లకే. ఒకడు దిగి పడిపోతడు. వాణ్ణి తీస్తనని తమ్ముడు దిగుతడు, ఇద్దరు పోతరు. ఫైర్‌మన్ గాలి సిలిండర్ కట్టుకొని, నడుముకు తాడు కట్టుకొని దిగుతడు. మనోణ్ణి ఉత్త చేతులతో దింపుతరు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. చచ్చిపోయిన కుటుంబానికి 30 లక్షలు ఇయ్యాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్షణలో మొదటి పాఠం దిగనని చెప్పుడే కావాలె. రెండో పాఠం, పైనుంచే తాడు వేసి లాగే ముడి.

ఇది కొత్త వెట్టి అయితదా?

మన కార్యకర్తల్లోనే కొందరు ఒక ప్రశ్న వేసిండ్రు. న్యాయమైన ప్రశ్న. “ఊరి శవం మోసింది మనమే, చాటింపు వేసింది మనమే, చచ్చిన గొడ్డును ఈడ్చింది మనమే. ఇప్పుడు మంటలార్పుడు నేర్చుకుంటే ఊళ్ళో ఎవని ఇల్లు కాలినా మనల్నే పిలుస్తరు. జీతం లేని ఫైర్‌మన్ అయితం. ఇది ఇంకో వెట్టి కాదా?”

అయితది, మనం ఊకుంటే తప్పకుండ అయితది. అందుకే మేం ముందే షరతు పెడుతున్నం. నేర్పు హక్కుగా కావాలె, సేవ పేరుతో మా మీద మోపొద్దు. శిక్షణకు పోయిన రోజు కూలి కట్టియ్యాలె. సర్టిఫికెట్ ఇయ్యాలె. ఆ సర్టిఫికెట్‌కు ఫైర్ శాఖ కొలువుల్లో విలువ కట్టాలె. ఊరి దళంలో అన్ని కులాల పిల్లలు ఉండాలె. పటేల్ కొడుకు పేరు కాగితం మీద, మాదిగ పిల్లగాని చెయ్యి మంటలో అంటే ఒప్పుకోము. ఇవన్నీ వచ్చినా ఫైర్ స్టేషన్ అడుగుడు మానము. మనం నేర్చుకున్నమని చెప్పి సర్కారు స్టేషన్ ఎగ్గొడితే అది మోసం.

అయినా నేర్వకుండ ఉందామా? వెట్టి అయితదని భయపడి నేర్వకుంటే కాలేది ఎవరి ఇల్లు? మన ఇల్లే. నేర్పు లేకుండ ఉరికితే అది వెట్టి కన్న హీనం, చావు. నేర్చుకున్నోడు ఎప్పుడు ముందుకు పోవాలో తెలుసుకుంటడు, ఎప్పుడు పోనని చెప్పాలో కూడా తెలుసుకుంటడు.

ఆడోళ్ళతోని ఈ పని కాదనేటోళ్ళకు ఒక్క మాట. బాబాసాహెబ్ 1956లో బౌద్ధం తీసుకున్న నాగపూర్‌లోనే జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది. 2002లో అక్కడ చేరిన తొలి మహిళ హర్షిణి కన్హేకర్. అందరితో సమానంగా పైపు పట్టింది, నిచ్చెన ఎక్కింది. పొద్దున లేస్తే నిప్పుతోనే పని మొదలుపెట్టే మన అక్కలకు చేతకాదనేటోడు ఎవడు?

నిప్పును ఆయుధం చేసినోళ్ళు

మన వాడలకు నిప్పు ఊరికే రాదు. కొన్నిసార్లు తెచ్చి పెడుతరు. 1968 డిసెంబర్ 25న తమిళనాడు కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్నందుకు భూస్వాముల మనుషులు వాడ మీద పడితే, ఒకే గుడిసెలో దాక్కున్న 44 మంది కాలిపోయిండ్రు. ఎక్కువ మంది ఆడోళ్ళు, పిల్లలు. హైకోర్టు ఆ భూస్వాములను వదిలేసింది. 2010 ఏప్రిల్ 21న హర్యానా మిర్చ్‌పూర్‌లో వాల్మీకుల ఇండ్లు తగలబెడితే నడవలేని బిడ్డ, ఆమె తండ్రి కాలిపోయిండ్రు. 2012 నవంబర్ 7న తమిళనాడు ధర్మపురి జిల్లాలో నత్తం, దాని పక్క కాలనీల్లో 250కి పైగా దళితుల ఇండ్లు తగలబెట్టిండ్రు. ఒక కులాంతర పెండ్లి సాకు.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(2)(iv)లో దళితుల ఇండ్లకు నిప్పు పెట్టినోనికి యావజ్జీవం అని రాసి ఉంది. కానీ కేసు నిలబడాలంటే రుజువు కావాలె. మంట ఆర్పే తొందరలో, బూడిద ఎత్తే తొందరలో రుజువంతా కొట్టుకపోతది. అందుకే మన శిక్షణలో ఈ పాఠం కూడా ఉండాలె. మంట ముందు ఏ మూల మొదలైంది, కిరోసిన్, పెట్రోల్ వాసన వచ్చిందా, డబ్బా ఎక్కడ పడి ఉంది, ఎవరు ముందు చూసిండ్రు, ఇవి గుర్తు పెట్టుకోవాలె. ప్రాణాలు కాపాడినంక ఆ జాగాను ముట్టొద్దు, ఫొటోలు తియ్యాలె. ఫైర్ స్టేషన్ రాసే రిపోర్టు నకలు అడగాలె. ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసి చేతులు దులుపుకుంటే, మీటరు ఎక్కడుంది, మంట ఎక్కడ మొదలైంది అని ఎదురు అడగటానికి నేర్పు కావాలె. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలని రూల్స్ ఉన్నయి, అది కూడా అడగాలె.

మంట గురించి తెలిసిన వాడను అబద్ధం రిపోర్టుతో బెదిరియ్యలేరు. నేర్పు ఎందుకు మన దాకా రాదో ఇక్కడ కొంచెం అర్థమైతది.

పైసల్లేవా? మనుషుల్లేరా?

ప్రతి వాడకు శిక్షణ అంటే అయ్యే పనేనా అంటరు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి వద్దన్నరు, భూమి కావాలన్నరు. అక్టోబర్ వచ్చేసరికే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. ఊరూరికీ పోలీసు క్యాంపులు వచ్చినయి. కూలోడు తల ఎత్తితే నెలన్నరలో ఊరూరికీ రాగలిగిన సర్కారు, కూలోని ఇల్లు కాలకుండ కాపాడే ఎర్ర బండిని ఏడాదికి రెండుసార్లు వాడకు పంపలేదా? దారులు అప్పుడు తెలిసినయి కదా!

పైసలూ ఉన్నయి. 15వ ఆర్థిక సంఘం చెప్పినంక, రాష్ట్రాల అగ్నిమాపక శాఖల విస్తరణకు, ఆధునీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల స్కీం తెచ్చింది. ఆపదమిత్ర పేరుతో 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు శిక్షణ అన్నరు. ఆ లక్షలో వాడ పిల్లలెందరు? మన రాష్ట్రంలో 2017 నుంచి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. మన పేరు మీద లెక్క కట్టిన పైసలతో మన వాడకు నీళ్ళ పాయింటు పెట్టుమంటే నిబంధనలు అడ్డమొస్తయా?

2016 అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలయినయి. పాలన దగ్గరికి వచ్చిందన్నరు. కలెక్టర్ ఆఫీసు దగ్గరికి వచ్చింది, బాగుంది. బండి, పైపు, నేర్పు కూడా దగ్గరికి రావాలె.

మా డిమాండ్లు

1. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాల్లో ప్రతి ఫైర్ స్టేషన్ తన పరిధిలోని దళితవాడలకు పోవాలె. ఉపన్యాసం వద్దు. ప్రతి ఇంటి నుంచి ఒక్కరి చేతనన్న మంట ఆర్పించి చూపాలె. ఏడాదిలో రెండుసార్లు, ఎండాకాలం మొదట్ల ఒకసారి తప్పనిసరి.

2. ప్రతి వాడలో పది మంది దళం. సగం మంది ఆడోళ్ళు. స్టేషన్‌లో రోజుల తరబడి చేతిపని శిక్షణ, కూలి, సర్టిఫికెట్, ప్రమాద బీమా.

3. ప్రతి వాడలో కొక్కెం కట్టెలు, తాళ్ళు, బకెట్లు, దుప్పట్లు, ఇసుక, ఎర్ర సిలిండర్లు. తాళంచెవి వాడలోనే ఉండాలె. బండి నీళ్ళు నింపుకునే పాయింటు, బండి తిరిగే దారి.

4. సాంచాల షెడ్లల్ల, బీడీ కార్ఖానాలల్ల యజమాని ఖర్చుతో కార్మికులకు పని వేళల్లోనే శిక్షణ. పనికి అడ్డమని కూలి కొయ్యొద్దు.

5. పంచాయతీల పనుల జాబితాలో అగ్నిమాపక సేవ చేర్చాలె. స్టేషన్ లేని మండలాలకు స్టేషన్.

6. ఫైర్ శాఖలో ఖాళీలు నింపాలె. ఎస్సీ, ఎస్టీ పోస్టులు ఒక్కటి కూడా వెనక్కి పోవద్దు.

అన్నలారా, అక్కలారా, తమ్ముళ్ళారా! ఈసారి అంబేద్కర్ జయంతి కమిటీలు ఒక పని చెయ్యాలె. దండలు, డీజేల ఖర్చు రాసుకునే కాగితం మీదనే ఇంకో అర్జీ రాయాలె. మార్చి నెలలోనే ఫైర్ స్టేషన్‌కు, కలెక్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోవాలె. “ఏప్రిల్ 14న మా వాడకు బండి పంపుండ్రి, మా చేత పైపు పట్టించుండ్రి” అని రాయుండ్రి. పంపకపోతే జయంతి ఊరేగింపు దారి కొంచెం మార్చి ఫైర్ స్టేషన్ ముందుకు నడిపించుండ్రి. గేటు కాడ డప్పు కొట్టుండ్రి. బొంబాయిలో పోయిన ఆ 66 మందికి మనం కూడా ఒక దండ వేద్దాం, వాళ్ళు కష్టజీవులు. ఆ తర్వాత లోపలికి పోయి పైపు ఎట్ల పట్టాలో చూపుమని అడుగుదాం.

జై భీమ్!